ఎర్రచీటీ అంటించని సంపుటం

1988 ఆగస్టు పదిహేడవ తేదీన శ్రీమతి వీరవేణి గారు మా న్యాయస్థాన గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరిన నాటి నుంచి, గ్రంథపాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, ఆమె కుర్చీలో స్థిమితంగా కూర్చోగా చూసినవారు మాలో ఎవరూ లేరు.

ఆ కంగారుకు కారణం ఉంది. పై న్యాయస్థానం ఒక న్యాయసూత్రాన్ని నిర్ణయిస్తే, అటువంటి వివాదంలో కింది న్యాయస్థానం దానిని పాటించి తీరాలి. తరువాత ఎక్కువమంది జడ్జీలు కూర్చునే విస్తృత ధర్మాసనం ఆ సూత్రం సరికాదంటే, పాత తీర్పు పుస్తకంలో ఉంటుంది గానీ దానికి బలం ఉండదు. ఆ సంగతి పుస్తకం తనంతట తాను చెప్పదు. అందుకే వీరవేణి గారు చేరిన తొలి ఏడాదే, బలం పోయిన ప్రతి తీర్పు పక్కనా ఎర్రచీటీ అంటించే పద్ధతి పెట్టారు.

2011లో ఒక చీటీ తప్పిపోయింది. సఖినేటిపల్లి సుబ్బాయమ్మ గారు పడవరేవుకు వెళ్లే దారి కోసం వేసిన దావాలో, ప్రతివాది వకీలు బాబూరావు గారు మా సంపుటం నుంచే, అలాంటి దారికి హక్కు లేదనే ఒక పాత తీర్పు చదివారు. చీటీ లేదు గనుక ఇరుపక్షాలూ దానినే నమ్మాయి. తీర్పు మర్నాటికి వాయిదా పడింది. బాబూరావు గారు చదివిన పాత తీర్పును రెండేళ్ల కిందటే విస్తృత ధర్మాసనం తోసిపుచ్చిందని వీరవేణి గారికి ఇంటికి వెళ్లే బస్సులో గుర్తుకు వచ్చింది. చెబితే కొలువుకు ముప్పు, చెప్పకపోతే సుబ్బాయమ్మ గారి దారి మూసుకుపోతుంది.

మర్నాడు కోర్టు మొదలవగానే, ఇద్దరు వకీళ్ల ఎదుటా ఆమె రెండు సంపుటాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఈ తీర్పు ఇప్పుడు చెల్లదండీ. చీటీ అంటించకపోవడం నా తప్పేనండీ."

జడ్జిగారు కొత్త తీర్పు చదివి, "బాబూరావు గారూ, దీన్ని దాటి నేను వెళ్లగలనా?" అని అడిగారు.

"ఆయ్, వెళ్లలేరండి," అన్నారాయన నవ్వలేక నవ్వుతూ.

వాదనలు మళ్లీ విన్నారు. సుబ్బాయమ్మ గారికి దారి దక్కింది, వీరవేణి గారికి మెమో దక్కింది. ఆ మెమోను ఆమె చీటీలంటించే జిగురుతోనే బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నారు.

మొన్న సోమవారం తాళాలు తన స్థానంలోకి వస్తున్న మమత గారికి అప్పగించి, గేటు దాకా వెళ్లి, మూడుసార్లు వెనక్కి వచ్చారు.

"చీటీలు మర్చిపోరు కదండీ?"

"ఆయ్, మర్చిపోనండి. మీరింక బయల్దేరండి మేడమ్."

వీరవేణి గారూ, మీకు నిండు ఆరోగ్యమూ, మనుమల మనుమలను ఎత్తుకునేంత దీర్ఘాయువూ కలగాలని మా అందరి ఆకాంక్ష. ఆ కంగారు మాకు వదిలేయండి. ముప్పయ్యేడేళ్లుగా ఈ బీరువాల కోసం మానుకున్న నిద్రను మీరు పట్టుకెళ్లండి.