ఇంకొక్కసారి నొక్కుతానమ్మా

మొబైల్ షాపు. కొత్త ఫోను అమ్మకానికి వచ్చిన రోజు. కౌంటరుకి ఇవతల కుర్చీలో ఒకావిడ, అవతల సేల్స్‌మాన్.

"రెండు నిమిషాలమ్మా."

"ఇవి పొద్దున చెప్పిన రెండు నిమిషాలేనా బాబూ, కొత్తవా?"

"కొత్తవేనమ్మా. పాతవి ఎప్పుడో అయిపోయాయి."

"నువ్వు బాగానే నవ్విస్తున్నావు గానీ నాకే నవ్వు రావట్లేదు. ఇదిగో చూడు, పాత ఫోనులో సిగ్నల్ లేదు. కొత్త ఫోనులోనూ లేదు. మరి నా నంబరు ఎక్కడున్నట్టు?"

"మధ్యలో ఉందమ్మా. పాత సిమ్ములోంచి బయటికొచ్చేసింది. కొత్త సిమ్ములోకి ఇంకా వెళ్ళలేదు."

"త్రిశంకు స్వర్గంలో ఉందన్నమాట. నాకు తోడుగా."

"ఉండండమ్మా, ఇంకొక్కసారి నొక్కుతాను. ఆ, నొక్కాను. మళ్ళీ పంపించాను. ఇప్పుడు వచ్చేస్తుంది చూడండి."

"ఇందాకా ఇలాగే నొక్కావు."

"మీరు అడిగినప్పుడల్లా నొక్కుతున్నానమ్మా. పెద్దవారు, ఒక్కరే వచ్చారు, ఊరికే కూర్చోబెట్టడం నాకే బాగోలేదు. మిగతావాళ్ళకైతే ఒకసారి నొక్కి వదిలేశాను."

"చల్లగా ఉండు నాయనా. మరి ఆ మిగతావాళ్ళ ఫోన్లు వచ్చాయా?"

"కొన్ని వచ్చాయమ్మా."

"కొన్ని అంటే?"

"అంటే... చాలానే వచ్చాయి."

"నా తర్వాత వచ్చాడే, పెళ్ళికొడుకులా తయారై, ఆ కుర్రాడిది?"

"అతనిదీ వచ్చేసిందమ్మా. ఎలా వచ్చిందో నాకూ అర్థం కావట్లేదు."

"నా మొహం చూసి ఆగిపోయిందేమో నాది. నా ఫోటో అలా ఉంటుంది."

"అయ్యో, అదేం కాదమ్మా. ఇవాళ రద్దీ. ఊరంతా ఇవాళే కొంటున్నారు. రేపు కొంటే ఫోను పాచిపోతుందా చెప్పండి. నేనూ పొద్దున్నుంచి 'ప్రాసెస్‌లో ఉందండి' అని అని నోరు అరిగిపోయింది. ఇంటికెళ్ళాక మా ఆవిడ అన్నం పెట్టనా అంటే కూడా ఆ మాటే అంటానేమో."

"వాళ్ళైనా కొత్త ఫోను కోసం వచ్చారు. నా తెలివి చూడు. కొత్తది వచ్చిన రోజు పాత మోడలు తగ్గించి ఇస్తారని మా ఆడపడుచు చెప్పింది. పరిగెత్తుకొచ్చాను. కొన్నది వాళ్ళు వద్దన్న ఫోను, నిలబడింది వాళ్ళ లైన్లో."

"మంచి ఫోనేనమ్మా అది. నా దగ్గరున్నదీ అదే."

"సేల్స్‌మాను కూడా కొనుక్కున్నాడంటే బాగానే ఉంటుందిలే. ఒక్కటి చెప్పు. నేను ఇవాళ రాకుండా ఉండుంటే నా పాత ఫోను మోగేదేగా?"

"మోగేదమ్మా."

"అదీ సంగతి. నా నెత్తి నేనే కొట్టుకోవాలి."

"అంత అర్జెంటు ఫోనా అమ్మా?"

"ఉద్యోగం, బాబూ. ఫోన్లో మాట్లాడే ఉద్యోగమట. ఏ కంపెనీకో కూడా చెప్పలేదు, మనుషుల్ని పంపించే ఏజెన్సీ వాళ్ళు. ఇవాళ సాయంత్రంలోపు పై ఆఫీసరు ఫోను చేస్తాడు, ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతాడు అన్నారు."

"మరి ఇవాళే సిమ్ము మార్చుకోవడమేమిటమ్మా?"

"నా పాత ఫోనుకి మైకు పాడైంది. పోయినసారి ఒకచోట నుంచి చేస్తే, నేను బావిలోంచి మాట్లాడుతున్నట్టుందట. ఆ అమ్మాయి 'మేడమ్, మీరు క్షేమంగానే ఉన్నారా' అని అడిగి పెట్టేసింది. ఈసారైనా గొంతు వినపడాలి కదా అని కొత్తది కొన్నాను, దానికి పాత సిమ్ము పట్టలేదు. గొంతు బాగుంది, ఫోను బాగుంది, నంబరొక్కటే లేదు."

"ఏజెన్సీకే మనం చేసి చెబుదామా? వేరే నంబరు ఇద్దాం."

"మీ షాపు ఫోనులోంచి చేశాను కదా ఇందాక. మోగి మోగి ఆగిపోయింది. వాళ్ళకీ ఇవాళ ఏదో రద్దీ అనుకుంటాను."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదు. వస్తే చెబుదామని. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో చేసేదాన్ని. ఆయన పెద్దవాడైపోయి క్లినిక్ మూసేశాడు. అప్పట్నుంచి ఇంట్లోనే. ఇంట్లోవాళ్ళు పల్లెత్తు మాట అనరు. కూర్చో, నీకెందుకు శ్రమ అంటారు. అదే బాధగా ఉంటుంది నాకు. ఈ వయసులో మళ్ళీ పిలిచింది వీళ్ళొక్కళ్ళే, బాబూ."

"ఉండండమ్మా, ఇంకొక్కసారి..."

"నొక్కకు. నొక్కింది చాలు. ఎవరైనా మనిషితో మాట్లాడు."

"పై ఆఫీసుకి చేస్తాను. స్పీకర్లో పెడతాను, మీరే వినండి. ముందు సంగీతం వస్తుంది."

"బాగానే ఉంది సంగీతం."

"మొదట్లో నాకూ బాగానే ఉండేదమ్మా. ఇప్పుడు నిద్దట్లో కూడా అదే పాడుతున్నానట. మా ఆవిడ పక్క గదిలోకి మారిపోయింది."

"హలో, యాక్టివేషన్ సూపర్‌వైజర్ని. చెప్పు. త్వరగా చెప్పు."

"సార్, నమస్తే సార్. షాపు నుంచి. ఒక దరఖాస్తు పొద్దున్నుంచి ఆగిపోయింది సార్. దరఖాస్తు నంబరు తెర మీద పంపించాను, చూస్తారా?"

"చూస్తున్నా. ఏమయ్యా, నీకు ఈ కస్టమరు మీద ఏమైనా కోపమా?"

"అదేంటి సార్, నాకు కోపమెందుకు?"

"మరి ఇన్నిసార్లు ఎందుకు పంపించావు?"

"త్వరగా అవుతుందని సార్."

"త్వరగానా? నువ్వు మళ్ళీ పంపితే ముందు పంపింది రద్దయిపోతుంది. కొత్తది లైను చివరికి పోతుంది. ఇక్కడ ప్రతిదీ ఒక మనిషి చూసి, నంబరు సొంతదారే అడిగారా, ఎవరైనా దొంగతనంగా మారుస్తున్నారా అని చూసుకుని వదలాలి. ఈ దరఖాస్తు రెండుసార్లు మా వాళ్ళ చేతిదాకా వచ్చింది. తెరిచేలోపు నువ్వు మళ్ళీ నొక్కేశావు."

"అంటే సార్, నేను నొక్కకుండా ఉంటే..."

"పొద్దున్నే అయిపోయేది."

"అమ్మా."

"విన్నాను బాబూ."

"అమ్మా, నేను మర్యాద చేస్తున్నాననుకున్నాను."

"మర్యాదే చేశావు. నువ్వు నన్ను పట్టించుకోకుండా ఉండుంటే ఈపాటికి ఫోన్లో మాట్లాడుతూ ఉండేదాన్ని. పోనీలే, నొక్కమని అడిగింది నేనేగా. నీది సగం, నాది సగం."

"నన్ను తిట్టండమ్మా, తేలిగ్గా ఉంటుంది."

"తిట్టే ఓపిక లేదు. ఏడుపొస్తోంది. సార్, ఇప్పుడెంత సేపు పడుతుంది?"

"మీరే ఆ కస్టమరా అమ్మా? నాకిక్కడ పేర్లూ ఫోన్ నంబర్లూ కనపడవు, దరఖాస్తు నంబరొక్కటే. ఉండండి, ముందుకి జరపడానికి వీలవుతుందేమో చూస్తాను. లైన్లోనే ఉండండి."

"ఏమయ్యా కౌంటరూ, ఇక్కడ వెనక నేనూ ఒక కస్టమర్ని నిలబడ్డాను, ఆవిడతో కబుర్లేనా? నాదేమైంది? ఇంకోసారి నొక్కు."

"వద్దు సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, నొక్కమనకండి."

"నొక్కమంటే నొక్కనంటాడేంటి? డబ్బు తీసుకునేటప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?"

"అన్నగారూ, ఇలా కూర్చోండి. ముందు ఆ హెల్మెట్టు తీయండి, మీ మాట మీకే గట్టిగా వినపడుతోంది."

"మీరెవరండీ మధ్యలో?"

"మీకంటే ముందు నుంచి ఇరుక్కున్నదాన్ని. ఈ అబ్బాయి నా కోసం మాటిమాటికీ నొక్కాడు, నేను లైను చివరికి పోయాను. మీరు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం చేస్తారు?"

"చీటీ తీసుకుని కూర్చుంటాను."

"లోపల కుర్చీ ఒక్కటే. బయట ఎంతమంది ఉన్నా ఒకసారికి ఒక్క పన్నే చూస్తాడాయన. మధ్యలో మీరు లేచెళ్ళి మళ్ళీ చీటీ తీసుకుంటే?"

"చివరి చీటీ నాదవుతుంది."

"ఇదీ అంతే. మీ చీటీ లోపలికి దగ్గరపడి ఉంటుంది. ఇప్పుడు కదిపారంటే నా వెనక నిలబడాలి. నా వెనక నిలబడితే ఏమవుతుందో నన్ను చూస్తే తెలియట్లేదా?"

"అది కాదండీ. మా ఆవిడ ఫోను చేస్తూ ఉంటుంది. స్విచాఫ్ వస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"అదా మీ కంగారు. షాపు ఫోను తీసుకుని ఆవిడకి మీరే చేయండి. ఫోను చచ్చింది, నేను బతికే ఉన్నాను అని చెప్పండి. నమ్మకపోతే నాకివ్వండి, పక్కనే ఉన్నాడమ్మా, హెల్మెట్టు కూడా తీశాడు అని నేను చెబుతాను."

"నవ్వకండి, నిజంగానే ఇవ్వాల్సొస్తుందేమో. సరే అక్కా. ఇక్కడే కూర్చుంటాను."

"మంచినీళ్ళు తాగండి. మీ పని అయిపోతుంది."

"అమ్మా, పొద్దున్నుంచి నేను ఒక్కణ్ణి కూడా కూర్చోబెట్టలేకపోయాను."

"పంటి నొప్పితో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టాను బాబూ అన్నాళ్ళూ. ఫోను నొప్పి దానికంటే పెద్దదేం కాదు. నా నొప్పికే మందు లేదు. సాయంత్రం కావస్తోంది."

"హలో. లైన్లోనే ఉన్నారా?"

"ఉన్నాం సార్, చెప్పండి సార్."

"ఇందాక ఎవరో కస్టమరుకి సర్దిచెప్పారే, డాక్టరూ చీటీ అని. ఎవరామె? మీ మేనేజరా?"

"కాదు సార్. మీరు మాట్లాడారే, ఆ కస్టమరమ్మే."

"అమ్మా, ఒక్కమాట. తప్పుగా అనుకోకండి. మీరు ఎక్కడైనా పని చేస్తున్నారా?"

"లేదు సార్. ఎందుకు?"

"ఇక్కడ ఇలా ఆలస్యమవడానికి అసలు కారణం చెబుతాను వినండి. మామూలు రోజులకి సరిపడా మనుషులమే ఉన్నాం. ఇవాళ మీద పడిపోయారు. దరఖాస్తులు చూసేవాళ్ళు ఫోన్లు ఎత్తాల్సి వస్తోంది. ఫోన్లలో అందరూ అడిగేదేమో దరఖాస్తు ఏమైందని. ఎత్తితే పని ఆగుతుంది, ఎత్తకపోతే తిడతారు. తల ప్రాణం తోకకొచ్చింది. మీలాగా మాట్లాడి నిలబెట్టే మనిషి ఒక్కరుంటే మా వాళ్ళు దరఖాస్తులు చూసుకుంటారు."

"నన్ను పనిలోకి రమ్మంటున్నారా సార్?"

"ఈ సాయంత్రం నుంచే. దొరకట్లేదమ్మా మనుషులు. ఏజెన్సీ వాళ్ళు ఒకావిడ నంబరిచ్చారు, చాలా ఓపికమంతురాలని. పొద్దున్నుంచి నేనే చేస్తున్నాను. అందుబాటులో లేదు, అందుబాటులో లేదు. ఉద్యోగం కావాలనుకున్న మనిషి ఆ ఒక్కరోజన్నా ఫోను ఆన్‌లో పెట్టుకోదా చెప్పండి. ఇదిగో, ఇప్పుడే లిస్టులోంచి ఆవిణ్ణి కొట్టేశాను. ఆ చోట్లో మీ నంబరు రాసుకుంటాను."

"నా నంబరిస్తే ఏం లాభం సార్, అది మీ దగ్గరే ఆగిపోయి ఉంది."

"అది నేను చూసుకుంటాను. దగ్గరుండి ముందు మీదే వదిలిస్తాను. చెప్పండి."

"ఇంకొక ఆవిడ చోటు నాకిస్తున్నారంటే మనసుకి ఎలాగో ఉంది సార్. పాపం ఆవిడ ఏ ఇబ్బందిలో ఉందో."

"మీరు మరీ మంచివాళ్ళలా ఉన్నారమ్మా. ఇబ్బందుంటే ఇంకో నంబరు నుంచి చెప్పొచ్చుగా. అంత బాధ్యత లేని మనిషి నాకొద్దు. మీ నంబరు చెప్పండి."

"రాసుకోండి సార్. తొమ్మిది, నాలుగు, తొమ్మిది, రెండు..."

"ఆగండాగండి. చివర రెండు సున్నాలా?"

"అవును సార్. మీకెలా తెలుసు?"

"ఇప్పుడు నేను కొట్టేసింది మిమ్మల్నేనమ్మా."