చెన్నపరెడ్డి నోటిమాట

చెన్నపరెడ్డని ఒకాయన, మనిషి మంచోడే, నోట్లో మాత్రం ఒకటే మాట. కూర ఉప్పగా ఉంటే పిచ్చకుంట్ల కూర, ఎద్దు మొరాయిస్తే పిచ్చకుంట్ల ఎద్దు, వాన రాకపోతే పిచ్చకుంట్ల మబ్బు. దాని అర్థమేందో ఆయనకి తెలీదు. వాళ్ల నాయన అనేవోడు, ఈయనా అంటాడు, అంతే అనుకో. ఏమైందంటే, కొడుక్కి సంబంధం వొచ్చింది. కాబోయే వియ్యంకుడు పట్టింపు మనిషి. బావా, మీ వంశం వినాల, విన్నాకే తాంబూలాలు అన్నాడంట. దానికేం భాగ్యం అని ఈయన తిరపతయ్యకి కబురు పెట్టాడు. తిరపతయ్యంటే ఎవరనుకున్నారు, గుమ్మెట వాయిస్తా ఇంటింటి గోత్రాలూ తాతముత్తాతల పేర్లూ పాడేవోడు. ఏటేటా వొచ్చి నాలుగు తరాలు పాడి, చేటెడు జొన్నలు పట్టుకొని పొయ్యేవోడు. గోత్రాలోడా అని పిలవడమే గానీ, ఆయనెవరో ఏందో చెన్నపరెడ్డి ఏనాడూ అడిగింది లేదు.

సరే, పెద్దోళ్లంతా అరుగు మీద కూర్చున్నారు, తిరపతయ్య కింద నేల మీద. ఒక్క పేరూ వదలొద్దు, మొదట్నించీ పాడు అన్నాడు ఈయన. ఆయన గుమ్మెట మీద చెయ్యేశాడో లేదో, లోపల్నించి మజ్జిగ వొచ్చింది. పులిసిపోయింది. పిచ్చకుంట్ల మజ్జిగ అని ఈయన మొహం చిట్లించాడు. వాయింపు ఆగింది. పిలిచారా అయ్యా అన్నాడంట తిరపతయ్య. నిన్ను కాదులే, మజ్జిగని, కానీ అన్నాడు ఈయన. మళ్లీ మొదలు. ఈగ వొచ్చి ముక్కు మీద వాలింది. పిచ్చకుంట్ల ఈగలు. మళ్లీ ఆగింది. పిలిచారా అయ్యా. ఈసారి వియ్యంకుడు తలెత్తి చూశాడు. చెన్నపరెడ్డికి చిరాకేసింది, నేను ఈగల్ని అంటుంటే మధ్యలో నీకేంది అన్నాడు. తిరపతయ్య గొంతు పెంచలా.

"అది మా కులం పేరయ్యా. మీ ఇంట్లో రోజూ తలుచుకుంటారని నాకెరికే. ఎదురుగా ఉన్నాను గదా, పలక్కపోతే బాగుండదని పలికాను."

చెన్నపరెడ్డి చెవులు ఎర్రబడినయ్. ఏం చెయ్యాలో తోచక, పాడు పాడు అన్నాడంట. పాడాడు. ఏడో తరం కాడికి వొచ్చేసరికి ఇద్దరన్నదమ్ములు, చిన్నోడు కుంటోడు. పొలం పంచేకాడ పెద్దోడేమన్నాడూ, నువ్వేం దున్నుతావురా, మా పేర్లు పాడుకుంటా అడుక్కొని తిను అని తమ్ముడి చేతిలో గుమ్మెట పెట్టాడంట. బిచ్చమెత్తే కుంటోడని పిచ్చకుంట్ల పేరు పెట్టిందీ పెద్దోడేనంట. పెద్దోడి బిడ్డలు ఈ చెన్నపరెడ్డోళ్లు, కుంటోడి బిడ్డలు తిరపతయ్యోళ్లు. ఇన్నేళ్లూ ఇది చెప్పలేదేం అని అడిగాడు ఈయన. "ఇన్నేళ్లూ మీరు మొదట్నించీ పాడమనలేదయ్యా" అన్నాడు తిరపతయ్య.

అయితే అన్నదమ్ములే గదా, మరి ఆయన్ని కిందెందుకు కూర్చోబెట్టావు బావా అన్నాడు వియ్యంకుడు. అడిగినాక ఇంకేముంది, చెన్నపరెడ్డి జరిగి చోటియ్యాల్సొచ్చింది. తాంబూలాలూ అయినయ్, పెళ్లీ అయింది. ఆ మాట మళ్లీ ఆయన నోట రాలేదు, ఒట్టు. కొన్నాళ్లు తిట్టడానికి ఏమీ దొరక్క నోరు మూసుకొని తిన్నాడంట. తర్వాత ఇంకో మాట దొరికింది. చండాలం. చారు చండాలం, దారి చండాలం, ఎండ చండాలం. అది ఎవరి పేరో, వాళ్లూ వొచ్చి పలికిందాకా ఆయనకి తెలీదు. ఏంది రవణమ్మా, కథ వింటా నవ్వుతున్నావు, పొద్దున టీ చండాలంగా ఉందని పారబోసింది నువ్వు గాదూ?