ప్రమాద సమయంలో వాహనంలో ఎంతమంది

"రాస్కోండి మేడం. నేను ఎంత చెప్తే అంతే రాస్కోవాలె, ఒక్క ముక్క గూడ ఎక్కువ రాయొద్దు. నాకు గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. కావాలంటే గీ అనిల్‌ని అడగండి" అన్నాడు బాలనర్సింహ.

అనిల్ తల వంచుకుని టీ గ్లాసులోకి చూశాడు.

రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక సందులో చంద్రమ్మ టీ బండి ఉంది. బోరబండ నుంచి వచ్చే ఆటోవాళ్లు పొద్దున ట్రిప్పులు అయ్యాక అక్కడే ఆగుతారు. బాలనర్సింహ పద్దెనిమిదేళ్లు కిరాయి ఆటోలు నడిపి, పోయినేడు సొంత బండి కొనుక్కున్నాడు. తొమ్మిది రోజుల కింద దాని ఎడమ పక్క మొత్తం నొక్కుకుపోయింది. అప్పటినుంచి ఆ బండి టీ బండికి ఎదురుగా, నీలం పట్టా కప్పుకుని అట్లాగే ఉంది. ఈరోజు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున చూడటానికి ఉమాశ్రీ వచ్చింది. కాకినాడ అమ్మాయి, సర్వేయర్. వచ్చీ రాగానే బండికి నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ఫారం పెట్టుకుంది.

నర్సింహ వాడకట్టువాడే అనిల్. వాడూ ఆటో నడుపుతాడు. "అన్నా, జర తక్కువ మాట్లాడు, అడిగినదానికే చెప్పు" అని బోరబండ నుంచి వచ్చే దారంతా చెప్పుకుంటూ వచ్చాడు. నర్సింహ సరేనన్నాడు. ఉమాశ్రీ ఒక్కతే ఉంటే నిజంగానే తక్కువ మాట్లాడేవాడేమో. కానీ మెడలో ఐడీ కార్డులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు టీ కోసం వచ్చి, పట్టా తీసిన బండిని చూసి, "ఏమైందన్నా దీనికి" అని అక్కడే నిలబడిపోయారు.

"జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు" అంది ఉమాశ్రీ. "ప్రమాద సమయంలో వాహనంలో ఎంతమంది ఉన్నారండి?"

"ముగ్గురు" అన్నాడు నర్సింహ. అనిల్ ఊపిరి వదిలాడు. "పర్మిట్ ముగ్గురికే ఉంటది మేడం, నేను ముగ్గురినే ఎక్కిస్త, నాలుగో మనిషి ఎవరొచ్చి బతిమిలాడినా నా బండిల అడుగు పెట్టనియ్య, గది నా రూలు. కానీ ఆ పొద్దు వాన. అసొంటి వాన మీరు కాకినాడల గూడ చూసి ఉండరు, సైబర్ టవర్స్ కాడ కార్లు పడవల లెక్క తేలుతున్నయి. అండ్ల ఒకామె నడుం లోతు నీళ్లల నిలబడి చెయ్యి ఎత్తింది. అన్నా, ఇంటర్వ్యూ ఉంది, పది నిమిషాలే టైముంది అన్నది. ఏం చెయ్యమంటరు? మీరైతే ఇడిచిపెట్టి పోతరా?"

"అంటే నలుగురా అండి?"

"నలుగురే. ఆమె ఎనక వాళ్ల చెల్లె ఉండె, ఆమెను లెక్కల ఏస్కోవద్దు, సన్నటి మనిషి. కానీ చెల్లెను చూసి ఇంక ఇద్దరొచ్చిన్రు."

ఐడీ కార్డు కుర్రాళ్లలో ఒకడు నవ్వాడు. "ఏడుగురు ఆటోలో ఎట్లా పడతారన్నా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నర్సింహ గ్లాసు కింద పెట్టి అతని వైపు పూర్తిగా తిరిగాడు.

"మంచిగ అడిగినవ్ తమ్మీ. ఎనక సీటుల నలుగురు, వాళ్ల ఒళ్లల ఇద్దరు. నాకు ఎడమ దిక్కు ఇద్దరు, కుడి దిక్కు ఇద్దరు. సీటు ఎనక సామాన్లు పెట్టే జాగ ఉంటది చూడు, అండ్ల ఇద్దరు, మోకాళ్లు గడ్డం కింద పెట్టుకోని. లెక్క చేసుకో."

"అన్నా, అట్లైతే పన్నెండు" అన్నాడు కుర్రాడు. "ఇందాక ఏడుగురన్నారు కదా?"

"ఏడుగురని నేనన్ననా? నువ్వన్నవ్. నేను చెప్తనే ఉన్న, నువ్వు మధ్యల ఆపినవ్."

"మరి నీకు కుడి దిక్కు ఇద్దరు, ఎడమ దిక్కు ఇద్దరు కూసుంటే నువ్వేడ కూసున్నవన్నా?" అన్నాడు అనిల్, కనీసం ఇక్కడైనా ఆగుతాడేమోనని.

"నేను కూసున్నట్టు ఎవడు చెప్పిండు? నిలబడి నడిపిన. టాప్ చినిగి ఉంటే అండ్లకెల్లి తలకాయ బయటపెట్టి, వానల కండ్లు తుడుచుకుంట, కాళ్లతోని హ్యాండిల్ తిప్పుకుంట నడిపిన. గా తర్వాత ఏమైందో ఎర్కేనా? మైండ్‌స్పేస్ కాడ ఒక టీం టీమే ఆపింది. మేనేజర్ ఎంబడి ఉన్నడు. భయ్యా, పదింటికి అమెరికావాళ్లతోని మీటింగ్ ఉంది, ఎట్లన్న చేసి తీసుకపో అన్నడు. జాగ లేదు సార్ అన్న. జాగ నేను చూస్కుంట అన్నడు. ఎనక స్టెప్నీ మీద కూసున్నడు, ల్యాప్‌టాప్ నెత్తి మీద పెట్టుకున్నడు, మీటింగ్ బండిలనే మొదలైంది. అమెరికల ఉన్నోళ్లు నన్ను చూసి, మీ ఆఫీసు మంచిగుంది, గాలి బాగొస్తున్నది అన్నరు."

ఇంకో నలుగురు వచ్చి చేరారు. ఒకమ్మాయి ఫోను తీసి వీడియో పెట్టింది. చంద్రమ్మ మాత్రం ఎవరి వైపూ చూడకుండా అల్లం దంచుతోంది.

ఉమాశ్రీ కలం గాల్లోనే ఆగి ఉంది. "మొత్తం ఎంతమందని రాయమంటారండి?"

"పద్నాలుగు అని రాయండి. ఎక్కువ వద్దు. మేనేజర్‌ను ఇడిచిపెట్టండి, ఆయన బండి లోపల లేడు."

"వేగం ఎంత ఉంటుందండి?"

"ఇరవై మేడం" అన్నాడు అనిల్ గబగబా. "వానల ఇరవైకి మించి ఎవరు పోతరు?"

"ఇరవై మీద నువ్వు పో" అన్నాడు నర్సింహ. "పద్నాలుగు మందికి టైం అవుతుంటే ఇరవై మీద పోతే నన్ను మనిషంటరా? మేడం, ఫ్లైఓవర్ మీద స్పీడు కెమెరా ఉంటది కదా, అది నా బండి ఫోటో తీసింది. బండి రాలే. నేను పోయినంక ఖాళీ రోడ్డు వచ్చింది ఫోటోల. వాళ్లు గా ఖాళీ రోడ్డుకు చలాన్ రాసిన్రు, ఎవరికి పంపాలో సమజ్ గాక ఇంకా పరేషాన్‌ల ఉన్నరు."

అందరూ నవ్వారు. నర్సింహ నవ్వలేదు. అతను ఎప్పుడూ నవ్వడు. అందుకే అతని మాట సగం దూరం వరకూ నమ్మబుద్ధవుతుంది.

"బ్రేకులు సరిగ్గా పనిచేస్తున్నాయా అప్పుడు?" అంది ఉమాశ్రీ. ఆమె గొంతులో ఇప్పుడు కొంచెం జాలి ఉంది, కానీ అది నర్సింహ చెవిన పడలేదు.

"బ్రేకులుంటే ఎవడన్న ఆపుతడు మేడం. పోయిన ఎండకాలం నుంచి నా బండికి బ్రేకులు లేవు, అవసరం రాలే. బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు గా ఆర్టీవో సారు ఏమన్నడో ఎర్కేనా? ఇది బండికి కాదు నర్సింహా, నీకు ఇస్తున్న, అన్నడు."

"అన్నా, సాలు" అన్నాడు అనిల్.

"సాలేంది, అసలు ముచ్చట ఇంకా రానే రాలే. రాంగ్ రూట్‌ల పోతున్న, ఎందుకంటే మంచి రూట్‌ల నీళ్లున్నయి. ఎదురుంగ నీళ్ల ట్యాంకర్. ఇటు డివైడర్, అటు గోడ. సందు ఎంతుందో ఎర్కేనా? గిగో, గీ బల్లంత. నా బండి దానికి డబల్ ఉంటది. పద్నాలుగు మంది కండ్లు మూసుకున్నరు. నేను ఒక్కటే మాటన్న, అందరు ఎడమ దిక్కుకు వంగండి అన్న. వంగిన్రు. బండి రెండు చక్రాల మీద లేచింది, మూడో చక్రం ట్యాంకర్ నెత్తి మీదికెల్లి పోయింది, గప్పుడు ట్యాంకర్ అంచు జర ఎడమ పక్కకు తాకింది, మీరు చూసిన సొట్ట గదే. గా ఊపుకు బండి లేసింది సూడు, దుర్గం చెరువు మీదికెల్లి పోతున్నం. యాప్‌ల నా బండి చెరువు నడుమ కనబడ్డది. కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్ చేసి, సార్, మీరు పడవ ఎప్పుడు కొన్నరు అని అడిగింది. నేను ఒక చేత్తోని ఫోన్ మాట్లాడుకుంట, ఇంకో చేత్తోని ఇంటర్వ్యూ అమ్మాయి ఫైలు తడవకుంట పట్టుకోని, ఆఫీసు ముంగట బండి దింపిన. పద్నాలుగు మందిల ఒక్కరికి గోరంత దెబ్బ లేదు. ఇంటర్వ్యూ అమ్మాయికి కొలువొచ్చింది."

వీడియో తీస్తున్న అమ్మాయి "సూపరన్నా" అంది. ఐడీ కార్డు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నర్సింహ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు.

ఉమాశ్రీ కలానికి మూత పెట్టింది.

"నర్సింహగారూ, మీ మీద నాకేమీ కోపం లేదండి. కానీ పర్మిట్ ముగ్గురికైతే పద్నాలుగు మందిని ఎక్కించానన్నారు. బ్రేకులు లేవన్నారు. రాంగ్ రూట్ అన్నారు, నడుపుతూ ఫోన్ అన్నారు. నేను అడిగింది మీ స్టేట్‌మెంట్. ఇంతమంది ముందు ఇచ్చారు. ఇది రాస్తే మీ క్లెయిమ్ రాదు. రాయకపోతే నా ఉద్యోగం ఉండదు."

నవ్వులు ఆగిపోయాయి. అనిల్ మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు. క్లెయిమ్ రాకపోతే ఆ బండి ఇంక అక్కడ్నుంచి కదలదని, నర్సింహ మళ్లీ ఎవరి బండో కిరాయికి నడుపుకోవాలని వాడికి తెలుసు.

"లేదు మేడం, అంటే..." అన్నాడు నర్సింహ.

"ఇప్పటిదాకా చెప్పింది అబద్ధమంటారా?"

నర్సింహ చుట్టూ చూశాడు. ఎనిమిది మంది ఉన్నారు. ఫోను ఇంకా అతని వైపే ఉంది. "అబద్ధమెట్లయితది మేడం" అన్నాడు చిన్నగా.

"అబద్ధమే" అంది చంద్రమ్మ.

ఆమె రోకలి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"బండిల ఎవ్వల్లేరమ్మా. పద్నాలుగు మంది లేరు, ముగ్గురు లేరు, ఈయన గూడ లేడు. నువ్వు కూసున్న ఇస్టూలు మీద కూసోని మిర్చి బజ్జి తింటుండె. బండి గాడనే, ఇప్పుడున్న కాడనే ఆగి ఉండె. కొత్త బిల్డింగుకు నీళ్లు పోసే ట్యాంకర్ ఎనకకు వచ్చుకుంట వచ్చుకుంట దాన్ని గోడకు ఒత్తేసింది, ఆపకుంట పోయింది. ఈయన ఉరికిండు. చేతిల బజ్జి చేతిలనే ఉంది."

"మరి వాన?" అన్నాడు ఐడీ కార్డు కుర్రాడు.

"వాన ఏడిది బిడ్డా. మండే ఎండ."

అమ్మాయి ఫోను దించి జేబులో పెట్టుకుంది. నర్సింహ బండి వైపు చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరే మనిషిది లాగా ఉంది.

"పద్దెనిమిదేండ్లు మేడం. గీ రోడ్ల మీద, గీ ట్రాఫిక్‌ల, పద్దెనిమిదేండ్లు ఒక్కరికి తాకలే, ఒక్కరు నాకు తాకలే. సొంత బండి తీసుకున్నంక అయిన ఒక్క యాక్సిడెంట్‌ల నేను బండిల గూడ లేను. బజ్జి తింటున్న. గిది నేను ఎవరికి చెప్పుకోవాలె? ఇంట్ల మా ఆమెకు గూడ సిగ్నల్ కాడ ఎవడో గుద్దిండని చెప్పిన."

ఉమాశ్రీ మూత తీసింది. మొదటి కాగితం మడిచి, కొత్త ఫారం తీసుకుంది.

"వాహనంలో ఎంతమంది?"

"ఎవ్వల్లేరు మేడం."

"పద్నాలుగు మంది?"

"దిగిపోయిన్రు" అన్నాడు నర్సింహ నేల చూపులు చూస్తూ. అనిల్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు.

"వేగం?"

"ఆగి ఉండె."

"బ్రేకులు?"

"మంచిగున్నయి. పోయిన నెలనే కొత్తయి ఏయించిన. హ్యాండ్ బ్రేక్ ఏసి ఉండె." కొంచెం ఆగి, గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒక్క మాట. ఊకె ఆగి ఉందని కాకుంట, జాగ్రత్తగా నిలిపి ఉంది అని రాస్తరా?"

"అది నేను చూడలేదు కదండీ. చూడనిది రాయలేను."

"నేను చూసిన, రాయమ్మా" అంది చంద్రమ్మ. "కోతలు కోస్తడు గానీ బండి పెట్టుడు మాత్రం పద్ధతిగ పెడ్తడు. రోడ్డు మీదికి రాకుంట తెల్ల గీత లోపల పెడ్తడు. గీ జాగ ఏటవాలు ఉంటది, బండి జారి ఎవరి మీదికన్న పోతదని ఎనక చక్రానికి రాయి అడ్డం పెడ్తడు. రోజూ పెడ్తడు. ఇంకెవ్వడు పెట్టడు గీడ. పో, చూడు."

ఉమాశ్రీ లేచి వెళ్లి, బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చక్రం కింద రాయి ఉంది. ట్యాంకర్ తోసిన బలానికి రెండుగా పగిలింది, కానీ చక్రం దాన్ని దాటి ఒక్క అంగుళం కదల్లేదు. ముందు చక్రం తెల్ల గీతకు జానెడు లోపలే ఉంది. ఆమె రాయిని రెండు వైపుల నుంచి ఫోటో తీసింది. తిరిగొచ్చి కూర్చుని, చాలాసేపు రాసింది.

"ఇలా ఉంటే క్లెయిమ్‌కి ఇబ్బంది ఉండదండి. చదువుతాను, సరిగ్గా ఉంటే సంతకం పెట్టండి." గొంతు పెంచకుండా చదివింది. "వాహనం తెల్ల గీత లోపల, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, జాగ్రత్తగా నిలిపి ఉంది. లోపల ఎవరూ లేరు. డ్రైవర్ తప్పు లేదు."

నర్సింహ సంతకం పెట్టలేదు. కలం పట్టుకుని, వెళ్లిపోబోతున్న ఐడీ కార్డు కుర్రాళ్ల వైపు చూశాడు.

"మేడం, జర గట్టిగ ఇంకోసారి చదువుతరా? గా తమ్ముండ్లకు ఇనబడలే."