మూతి నొక్కిన తూటాలు

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన గల్ఫ్ ఏజెంటు ఆఫీసు. బీడీలు చుట్టే ఆమె ఒకతె ఫోను పట్టుకుని లోపలికి దూసుకొచ్చింది.

"వాచ్‌మన్ కొలువని మా ఆయన్ను యుద్ధానికి పంపినవా?"

"గట్లనకు చెల్లె. వాచ్‌మన్‌కు తుపాకీ ఉత్త చూపుకే ఇస్తరు."

"ఫోటోలు పంపిండు, చూడు. పోయిన వారం ఇచ్చిన తూటాలకు మొన లేదు. మేం బీడీకి నొక్కినట్టు మూతి నొక్కి ఉన్నయి. పేలిస్తే సప్పుడే వస్తదట."

"నేను జెప్పేది గదే!"

"మరి ఇయ్యాల ఇచ్చినయో? అన్నిటికీ మొనలున్నయి. పచ్చ రంగు మొనవైతే మండుకుంట పోతయట."

"ట్రైనింగ్ కావచ్చు చెల్లె."

"ట్రైనింగ్ మూతి నొక్కినయితోనే అయిపోయింది. రేపు యుద్ధంల ముంగటికి పంపుతున్నరు. ఇంకోసారి చెల్లె అనకు! చెల్లె మొగున్ని తూటాలకు అప్పజెప్పే అన్న యాడన్న ఉంటడా?"