మొదటి సబ్బు ఇచ్చిన చేయి

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఆగస్టు మూడవ తేదీన సాధారణ వార్డరుగా కారాగార సేవలో ప్రవేశించిన మా చీఫ్ వార్డరుగారు, ముప్పై ఆరేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. నిష్కళంకమన్న మాట నా కలం నుంచి రావడానికి చాలాకాలం పట్టింది. ఆ సంగతే ఇక్కడ విన్నవిస్తాను.

తొలి పన్నెండేళ్ళు బురుజు కాపలాలోను, జైలు ఆసుపత్రిలోను గడిపిన వారు, హెడ్ వార్డరుగా ములాఖత్ గదిని, తదుపరి చీఫ్ వార్డరుగా రెండో బ్యారక్‌ను నిర్వహించారు. ఏ ఖైదీనీ "ఒరేయ్" అని పిలిచి ఎరుగరు.

నేను డిప్యూటీ జైలరుగా వచ్చేనాటికి రెండో బ్యారక్‌లో పెత్తనం మాది కాదు, మేస్త్రిది. తాపీపని వదిలి హత్యకేసులో లోపలికొచ్చిన మనిషి. కొత్త ఖైదీ అడుగు పెట్టగానే అతని మనుషులు సబ్బు, తువ్వాలు ఇచ్చి, మరుగుదొడ్డికి దూరంగా పడక చూపేవారు. వారం తిరక్కుండా ఆ కొత్తవాడు మేస్త్రి బట్టలు ఉతికేవాడు, మేస్త్రి చూపినవాణ్ణి కొట్టేవాడు.

అటువంటి మేస్త్రి పక్కన మా చీఫ్‌గారు రోజూ మధ్యాహ్నం కుళాయి గట్టు మీద కూర్చునేవారు. ఎక్కడ కొట్లాట జరగబోతున్నా వారికి ముందే తెలిసేది. ఎలాగని అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఉదయం నిండుగా వచ్చే వారి చేతిసంచి సాయంత్రం ఖాళీగా వేలాడుతూ వెళ్ళేది. నిప్పు లేనిదే పొగ రాదనుకుని, వారు మేస్త్రికి సరుకు చేరవేస్తున్నారని పై అధికారులకు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను.

తనిఖీలో వారి బీరువాలో నలభై సబ్బులు, డజను తువ్వాళ్ళు దొరికాయి. ఎవరికోసమని సూపరింటెండెంటుగారు నిలదీశారు.

"కొత్తవాళ్ళకి సార్. లోపల మొదటి సబ్బు ఎవడిస్తే వాడే వాళ్ళకి అన్న. ఆ ఇచ్చేదేదో మనమే ఇస్తే పోలా?"

ఎవరూ నమ్మలేదు. నేనసలే నమ్మలేదు. మూడు నెలల సస్పెన్షన్ పడింది.

రెండో నెలలో కొత్తగా వచ్చిన ఒక దర్జీ, మేస్త్రి మనుషులిచ్చిన సబ్బు వద్దన్నాడు. అతని కుడిచేయి విరగ్గొట్టారు. ఆసుపత్రి మంచం మీద నన్నడిగాడు:

"పెద్దాయనుంటే నాకీ గతి పట్టేది కాదంట గదండీ. ఆయన్నెవరు పంపేశారు?"

తిన్నగా మేస్త్రి దగ్గరికి వెళ్ళి, చీఫ్‌గారికి నీతో ఏం పనుండేదని గద్దించాను. మేస్త్రి పకపకా నవ్వాడు.

"ఆయన నన్ను కలవడానికి కూర్చునేవాడా సార్? కాయడానికి! ఆ పూటంతా నా దగ్గరికి ఒక్కడూ వచ్చేవాడు కాదు."

మర్నాడే సూపరింటెండెంటుగారికి విషయం వివరించి, చీఫ్‌గారిని వెనక్కు పిలిపించాను. ఉత్తరం నాదని మాత్రం చెప్పలేదు. విధుల్లో చేరిన రోజున వారే నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి అన్నారు:

"ఆకాశరామన్న ఉత్తరంలో కూడా 'సవినయంగా మనవి' అని రాసేది మన ఆఫీసులో మీరొక్కరే సార్. అనుమానించడం మన ఉద్యోగమే, కాదనను. కానీ ఒక్కసారి నన్నే అడగాల్సింది."

ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో నడుంనొప్పికి సెలవు పెట్టానని చెప్పారట. వారి అర్ధాంగి, కుమార్తె అసలు సంగతి ఈ పుటలోనే చదువుతారు. ఆ అవమానానికి కారకుణ్ణి నేను. అమ్మా, తల్లీ, నన్ను క్షమించండి.

నేడు ప్రవేశద్వారం దగ్గరే శాఖ తరఫున సబ్బు, తువ్వాలు ఇస్తున్నాం. మేస్త్రి ముఠా పలచబడింది, పోలేదు. కొట్లాటల కబురు చీఫ్‌గారికి ఎవరు చేరవేసేవారో నేటికీ నాకు తెలియదు. మాలోనే ఇద్దరి మీద అనుమానముంది. ఈసారి మాత్రం ఉత్తరం రాయను.

చీఫ్‌గారూ, మీకు నిండైన ఆరోగ్యం, నిశ్చింతమైన నూరేళ్ళ జీవితం కలగాలని మనసారా కోరుకుంటున్నాను. వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను. తలుపు తీయకపోయినా తప్పు పట్టను. తీస్తే, ఆనాడు మిమ్మల్నే అడగవలసిన మాట, ఆ సంచిలో ఏముందని, ఇప్పుడైనా అడుగుతాను.