పాయింటర్‌ను ఖాళీ చేసిందెవరు

ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే యంత్రాలకు కెర్నెల్, అంటే వాటిని నడిపే మూల ప్రోగ్రాం, రాసే గది అది. ఎల్లుండి రిటైరవుతున్న పెద్దాయన తన అన్న కూతురి తెర మీదికి వంగాడు.

"ఒక్క లైనుతో బాగుచేశావా అమ్మాయ్? ఇంత మర్యాదస్తురాలైన బగ్గును నేనెప్పుడూ చూళ్లేదు. ఒకటి మాత్రం నన్ను చూసి దణ్ణం పెట్టి పారిపోయింది."

"కోతలు చాలు బాబాయ్. వరుసలో తర్వాతి పనిని చూపించే పాయింటర్ ఖాళీగా ఉంది. కెర్నెల్ అక్కడికెళ్లి కూలిపోతోంది. ఖాళీ అయితే వెనక్కొచ్చెయ్యమన్నాను."

"మరి ఆ వెనకాల నిలబడ్డ పనులు?"

అమ్మాయి తను రాసిన లైను మళ్లీ చదువుకుంది.

"అలారం కూడా ఆ వరుసలోనే ఉంటుంది కదా. యంత్రం నిక్షేపంగా నడుస్తుంది, రోగికి ఊపిరాగినా మోగదు."

"అలా ఎప్పుడో గానీ జరగదులే."

"నువ్వు ఇలా మాట్లాడే పిల్లవి కాదే. దాన్ని ఖాళీ చేసిందెవరు?"

"తెలీదు."

"ప్రతి లైను పక్కనా రాసినవాడి పేరుంటుంది. నువ్వు చూళ్లేదంటే నమ్మమంటావా? నేను రాగానే ఏదో మూసేశావు. తెరువు."

"ఎల్లుండి నీకు సన్మానం బాబాయ్. ఈ రెండ్రోజులూ ఆగలేవా?"

"తెరువమ్మా."

తెరిచింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని నెమ్మదిగా చదివాడు.

"ఇంకెవరైనా వాడుతున్నారేమో చూడకుండా, లాక్ వెయ్యకుండా, వరుసలోంచి పనిని పీకేశాడు. పన్నెండేళ్ల కిందట. పేరు నాదే."

"నేనెవరికీ చెప్పను."

"అదే నా భయం. నీ లైను చెరిపెయ్, రిపోర్టులో నా పేరు రాయి. లే, ఆ కుర్చీ ఇటివ్వు."

"మరి సన్మానం?"

"ముందు అలారం మోగనీ."