ఇరవయ్యో హాజరు

ఉప్పుబడి వెనక చింతచెట్టు కింద బావి ఉంది చూశారూ, ఇప్పటికీ ఎవరూ అటు బిందె పట్టుకుని వెళ్లరు. ఎందుకో చెప్తాను, కాస్త దగ్గరకు జరగండర్రా.

అది ముందు బడి కాదు, ఉప్పు కొఠారు. దొరల కాలంలో మళ్లలో తీసిన ఉప్పంతా అందులోనే పోసేవారు. ఉప్పు పోయింది గానీ గోడలకు పట్టింది పోలేదు, వానాకాలం వస్తే ఈనాటికీ చెమరుస్తాయి. ఆనక అందులోనే ఓ నల్లబల్ల పెట్టి బడి అన్నారు, కూర్మారావు మేష్టారు వచ్చారు.

మంచాయనే. కానీ ఇరవై మంది పిల్లలుంటేనే బడి ఉంచుతామని పైవాళ్ల మాట, ఊళ్లో దొరికింది సరిగ్గా ఇరవై మంది. ఇన్‌స్పెక్టరు ఏ పూట దిగుతాడో ఎవరికి తెలుసు? అందుకని ఆయన పొద్దున్నే, పిల్లలింకా రాకముందే, అందరికీ హాజరు వేసేసేవారు.

ఓ శ్రావణంలో లచ్చుమయ్య కూతురు అసిరమ్మ పలక కడుక్కుందామని బావిలోకి వంగి జారిపోయింది. చూసినవాళ్లు లేరు. మధ్యాహ్నం తండ్రి వచ్చి, “బాబూ, మా గుంట కూటికి రాలేదు, బడికొచ్చిందా?” అన్నాడు. మేష్టారు పిల్లల చాప వైపు చూడలేదు, రిజిస్టరు చూశారు. వచ్చిందయ్యా, ఇక్కడే ఎక్కడో ఆడుకుంటూ ఉంటుందని పంపేశారు. సాయంత్రం వెతికి బావిలోంచి తీస్తే పిల్ల వేళ్లు బావి రాతిని పట్టుకునే ఉన్నాయి. ఒళ్లింకా చల్లబడలేదట. అంటే మధ్యాహ్నం వెతికి ఉంటే? ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

మిగిలింది పంతొమ్మిది. పేరు కొట్టేస్తే బడి మూత, పిల్లలంతా మళ్లీ ఉప్పు మళ్లలోకి. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు, చివరికి ఇరవయ్యో పేరుగా ఉన్న అసిరమ్మకు మళ్లీ హాజరు వేశారు. అలా నెల గడిచింది.

అప్పుడు దిగాడు ఇన్‌స్పెక్టరు. బెత్తంతో తలలు లెక్కపెడుతుంటే మేష్టారు నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు ఇరవై అని రాసుకుని, సంతకం పెట్టి, గడప దాటుతూ అన్నాడట, “ఏమండీ మేష్టారూ, ఆ చివరి పిల్ల బట్టలన్నీ తడిసి ఉన్నాయి, పాపం, ఇంటికి పంపించరాదూ?”

మేష్టారు వెనక్కి తిరిగారు. చాప చివర ఎవరూ లేరు, చాప మాత్రం తడిగా ఉంది. ఆ పూటే ఎర్ర సిరాతో పేరు కొట్టేసి, లచ్చుమయ్య ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పారు. లచ్చుమయ్య మేష్టారి వెనక నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. బావి దగ్గర్నుంచి గడప దాకా చిన్న తడి అడుగులు, గడప లోపలికీ.

పై నెలకే బడి మూతపడింది. ఇప్పుడు పాత కట్టడమని సున్నం కొట్టి, బోర్డు పెట్టి, ఆ రిజిస్టరు అద్దాల పెట్టెలో ఉంచారు. వెళ్తే వెళ్లండి, చూడండి. బావి జోలికి పోకండి. పేర్లు పైకి చదవాలనిపిస్తే పంతొమ్మిదో పేరు దగ్గర ఆపేయండి. ఇంటికి చేరిన పిల్లను మళ్లీ పిలవకండి.